కబడ్డీ సెలక్షన్లలో పట్టేవాళ్లనూ చూడండి

రాష్ట్ర క్రీడాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కూతకు వెళ్లే కుర్రాళ్లకు కొదవలేదు. సంక్రాంతి పోటీలప్పుడు పలమనేరు వైపో, శ్రీకాళహస్తి వైపో ఒకసారి వచ్చి చూడండి, మీకే తెలుస్తుంది. మనం ఓడిపోతున్నది పట్టులో.

అవతలి రైడర్, అంటే కూతకొచ్చినవాడు, మూలకు వచ్చి కాలు చాపగానే మన కార్నర్ కుర్రాడు, అంటే మూలన కాసేవాడు, మడమ దొరకబుచ్చుకుంటాడు. పక్కనున్న కవర్, అంటే అతనికి తోడుగా పట్టేవాడు, అదే క్షణంలో మీద పడాలి. పడడు. రైడర్ ఆ పిల్లవాణ్ణి ఈడ్చుకుంటూ మధ్యగీత అందుకుంటాడు. ఇలా ఒక్కొక్కరే బయటికెళ్లి ముగ్గురు మిగులుతారు. అప్పుడు పట్టుకుంటే సూపర్ ట్యాకిల్, ఒక పాయింటు అదనం. కానీ ఆ ముగ్గురూ కలిసి ప్రాక్టీసు చేసింది ఎప్పుడు? కాసేపటికి ఆలౌట్. చూస్తుంటే కడుపు మండిపోతుంది.

తప్పు పిల్లలది కాదు, ఎంపికది. ట్రయల్స్‌లో ఒక్కొక్కరినీ కాసేపు ఆడించి పాయింట్లు లెక్కేస్తారు. మంచి కార్నర్‌ను చూసి రైడర్ ఆ వైపే రాకపోతే, ఆ కుర్రాడి లెక్కలో సున్నా పడుతుంది. చివరికి జట్టు నిండా రైడర్లే. వాళ్లలోనే ఒకణ్ణి కవర్‌లో నిలబెడతారు.

పట్టు బలమేమిటో 2018 జకార్తా ఆసియా క్రీడల్లో దేశమంతా చూసింది. 1990 నుంచి పురుషుల కబడ్డీలో స్వర్ణం వదలని భారత్‌ను సెమీఫైనల్లో ఇరాన్ 27-18తో ఓడించింది. మన దగ్గర పేరున్న రైడర్లు లేకనా? ఫజల్ అత్రాచలి లాంటి డిఫెండర్లున్న ఆ జట్టు ముందు మనకొచ్చినవి 18 పాయింట్లే.

ఇంకో మాట. మట్టి మీద ఒట్టి కాళ్లతో నేర్చుకున్న పిల్లలకు, మ్యాట్ మీద బూట్లతో గిర్రున తిరిగే రైడర్‌ను పట్టే అదును అంత తొందరగా దొరకదు. టోర్నమెంటు రోజునే మ్యాట్ ఎక్కిస్తే ఎలా?

దయచేసి ఈసారి ట్రయల్స్‌లో కార్నర్‌నూ కవర్‌నూ జంటగా పరీక్షించమని చెప్పండి. ప్రాబబుల్స్‌కు, అంటే తొలి జాబితాలో నిలిచిన పిల్లలకు, తిరుపతిలో మ్యాట్ మీద శిబిరం పెట్టించండి, అందులో డిఫెన్స్ నేర్పడానికే ఒక కోచ్ ఉండాలి. ఎవరిని ఏ స్థానానికి, ఎందుకు తీసుకున్నారో నోటీసు బోర్డులో పెట్టించండి. పేరు రాని పిల్లవాడు ఏం మెరుగుపరుచుకోవాలో తెలుసుకుని వచ్చే ఏడాది మళ్లీ వస్తాడు.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక కబడ్డీ అభిమాని