పొలం పటం, చుక్కల పటం

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఈ వారం ఇంట్లో పొలం కాగితాలు అడిగి ఉంటారు. కంగారు పడకండి, అడగమన్నది మేమే. పాసు పుస్తకం వద్దు, ఎఫ్‌ఎంబీ (సర్వే వాళ్లు కొలతలతో గీసిన పొలం పటం) జిరాక్స్ ఒకటి చాలు. సోషల్‌లో పటాల పాఠం నడుస్తోంది. ఎక్కడో ఆఫ్రికా పటం చూపించేకన్నా సొంత చేను పటంతో మొదలుపెడితే పిల్లలకు త్వరగా ఎక్కుతుంది. పొలం కొలిచే సర్వే గొలుసుకు 66 అడుగులు, వంద లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఈ లెక్క మా టీచర్ల కన్నా మీలో చాలామందికి బాగా తెలుసు. వీలున్నవాళ్లు ఒక పూట వచ్చి సర్వే రాళ్ల సంగతి పిల్లలకు చెప్పండి.

ఇక చుక్కలు చూసే రాత్రి క్లాసు గురించి. "పొలం కొలతకీ చుక్కలకీ ఏం సంబంధం సార్?" అని ఒక తండ్రి అడిగారు. చేను కొలవడానికి గొలుసు చాలు. ఊళ్లన్నీ ఒకే పటంలో ఎవరి చోట వాళ్లు కూర్చోవాలంటే ఆకాశం చూడక తప్పదు. మద్రాసు నుంగంబాకంలో 1792లో ఖగోళ పరిశీలనశాల కట్టింది అందుకే, ఓడల దారి కోసం, పటాల కోసం. 1802లో సర్వే అధికారి లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు 12 కిలోమీటర్ల గీతను గొలుసుతో కొలిచి, దాని మీద త్రిభుజాలు అల్లుకుంటూ దేశాన్ని పటానికెక్కించడం మొదలుపెట్టాడు. ఆ సర్వేకు రేఖాంశం లెక్క ఆ పరిశీలనశాల నుంచే. అక్కడే ఖగోళ శాస్త్రవేత్త టేలర్ 11,015 నక్షత్రాల స్థానాలు లెక్కగట్టి 1844లో జాబితా వేశాడు. కంప్యూటర్ లేని రోజుల్లో!

మన పిల్లలు చేసేది చిన్న పని. కోణమానినికి దారం కట్టి, చివర సైకిల్ నట్టు వేలాడదీసి ధ్రువ నక్షత్రం ఎత్తు కొలుస్తారు. ఆ ఎత్తే మన అక్షాంశం. ఒంగోలులో అది పదిహేనున్నర డిగ్రీలు. చేయి చాచి పిడికిలి బిగిస్తే సుమారు పది డిగ్రీలు కాబట్టి, పిడికిలిన్నర ఎత్తన్నమాట. నెల్లూరుకు వెళ్తే ఒక డిగ్రీ కిందికి దిగుతుంది. నేల మీద ఆ డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు. ఆకాశంలో చాచిన చేతి చిటికెన వేలి మందం. లెక్క ఒక డిగ్రీ అటూఇటూ వచ్చినా మార్కులు కొయ్యం.

తాతలు, నాయనమ్మలు కూడా రండి. కార్తెల లెక్కతో సేద్యం చేసినవాళ్లు మీరు. ఆకాశంలో పిల్లలకోడిని (కృత్తికల గుంపును) చూపించమంటే మా సైన్స్ టీచర్ ఇంకా తడుముకుంటున్నారు.

ఫిబ్రవరి చివర్లో, చంద్రుడు లేని ఒక శనివారం రాత్రి 9 గంటలకు బడి మేడ మీద కలుద్దాం. అప్పటికి ధ్రువ నక్షత్రానికి దారి చూపే సప్తర్షులు ఈశాన్యాన పైకి వస్తారు. తేదీ డైరీలో రాసి పంపుతాం. ప్రతి పిల్లవాడి వెంట, పిల్ల వెంట ఇంటి నుంచి ఒకరు రావాలి. సెల్‌ఫోన్ లైట్లు వేయొద్దు. పదో తరగతి వాళ్లకు పరీక్షల టెన్షన్ ఉంది కాబట్టి పిలవడం లేదు. కాసేపు వస్తామంటే మాత్రం ఆపకండి. మేడ మీద మంచు, దోమలు రెండూ ఉంటాయి, ఒక దుప్పటి ఇచ్చి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు,
ప్రకాశం జిల్లా