పోకర్ తరగతులు ఆపేశాను, మీ డబ్బు మీకు చేరుతుంది

శని, ఆదివారాల సాయంత్రాలు బెంగళూరులో ఎవరి గదుల్లో వారు కూర్చుని, ఆన్‌లైన్‌లో నాతో పోకర్ (డబ్బు పందెం కాసే పేకాట) లెక్కలు వేసిన మీకందరికీ ఈ సంగతి నేనే చెప్పాలి.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడలేదు. ఆడేవారికి శిక్ష లేదు. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. నా పాఠాలు ప్రచారం కిందికి వస్తాయా అని ఇద్దరు వకీళ్లను అడిగితే ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. అందుకే ఆపేశాను.

మిగిలిన తరగతుల రుసుము ఈ నెలాఖరులోగా వెనక్కి పంపుతాను. నా చెల్లింపులు చూసే సంస్థ ఖాతాను స్తంభింపజేసి, పదకొండు మెయిళ్లకు ఒకే జవాబు పంపింది. ఆ డబ్బు వచ్చేదాకా మిమ్మల్ని ఆపను, నా పొదుపులోంచి ఇస్తాను.

నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వని విషయం వేరే ఉంది. ఒక విదేశీ సైటు తరఫు మనిషి ఫోను చేశాడు. మిమ్మల్ని అక్కడికి పంపితే, మీరు పోగొట్టుకున్న దానిలో నాకు వాటా ఇస్తానన్నాడు. అద్దె కట్టాల్సిన వారం అది. కాగితం తీసుకుని లెక్క కూడా వేశాను, దాచను. కానీ 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధం పెట్టినప్పుడు, తానున్న చోటు కనబడకుండా ఆడే దారి చూపమని విజయవాడ విద్యార్థి ఒకరు అడిగితే కుదరదన్నాను. తెలంగాణలో 2017లోనే నిషేధం వచ్చింది, అక్కడి వారికైతే అప్పటి నుంచీ అదే మాట. వారికి కాదన్నది నా అద్దె కోసం ఇప్పుడు ఎలా ఔనంటాను? ఆ సైటులో మీ డబ్బు ఇరుక్కుంటే ఎవరిని అడుగుతారు? వద్దని చెప్పి ఫోను పెట్టేశాను.

మా బంధువొకరు "పేకాట మాస్టారి కొట్టు మూసేశారటగా" అన్నారు. ఆ మాట ఇంకా మింగుడుపడలేదు. నా మొదటి పాఠం ఏమిటో మీకు గుర్తుందిగా? పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 1000 ఉంది, ఎదుటివారు 500 వేశారు. మీరూ 500 పెట్టి ఆటలో ఉండాలంటే గెలుపు అవకాశం కనీసం 25 శాతం కావాలి. మీకు నాలుగు ఆటీన్లు ఉన్నాయి, ఐదోది పడితే గెలుస్తారు, కానీ ఇక పడేది ఒక్క ముక్కే. కనబడని 46 ముక్కల్లో 9 ఆటీన్లు, అంటే 20 శాతం కూడా లేదు. ముక్కలు కింద పెట్టేయండి. నేను నేర్పింది ఇదే.

రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో 1967లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి నా గోడ మీద ఉంది. అది పోకర్ గురించి కాదని నాకు తెలుసు. 2017లో గుజరాత్ హైకోర్టు పోకర్‌ను జూదమనే అంది. అయినా ఆ ప్రతిని తీయను.

వచ్చే ఆదివారం ఐదు గంటలకు నా గదిలోనే బ్రిడ్జ్ మొదలుపెడుతున్నాను. నిజమైన పేక, బల్ల, నలుగురు మనుషులు. పైసా పందెం ఉండదు. 2018 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన ఆట ఇది. రుసుము మునుపటిలో సగం. రాదలచుకున్నవారు శుక్రవారంలోగా చెప్పండి, కుర్చీలు అద్దెకు తేవాలి.