నీ రూమ్మేట్‌కి ముందు దొరొరో చూపించు

చిన్నీ,

జపాన్ యోధులు సమురాయ్‌ల మీద యానిమే, అదే జపాన్ కార్టూన్ సిరీస్, ఏదైనా చెప్పమని నీ రూమ్మేట్ అడిగిందని, దేంతో మొదలుపెట్టించాలో తేలట్లేదని నిన్న ఫోన్‌లో అన్నావు. పొయ్యి మీద కూర ఉండి సరిగ్గా మాట్లాడలేకపోయాను. రాత్రి పడుకున్నాక కూడా అదే ఆలోచన. ఆ పిల్లకి దొరొరో చూపించు. సెలవుల్లో మనిద్దరం కూర్చుని చూశామే, 2019లో వచ్చిన 24 ఎపిసోడ్లది. 1969 నాటి బ్లాక్ అండ్ వైట్ సిరీస్ తర్వాతెప్పుడైనా చూసుకోవచ్చు.

కథ చెప్పేటప్పుడు రాక్షసులు, కత్తులు అంటూ ఎత్తుకోకు. తండ్రి దగ్గర ఎత్తుకో. 1467 నుంచి 1477 దాకా సాగిన ఓనిన్ యుద్ధంలో క్యోటో తగలబడిపోయాక, జపాన్‌లో ఎవరి నేలను వాళ్లే కత్తి పట్టి కాచుకోవాల్సిన కాలం వచ్చింది. ఆ రోజుల దొర దైగో కగెమిత్సు. తన రాజ్యంలో కరువు, రోగాలు, యుద్ధాలు. అవి పోవాలని గుడిలో ఉన్న పన్నెండు రాక్షసులకు మొక్కుకుంటాడు. దానికి బదులుగా పుట్టిన బిడ్డ ఒంట్లోంచి చర్మం, కళ్లు, చెవులు, కాళ్లు, చేతులు అన్నీ పోతాయి. ఆ మాంసపు ముద్దను చంపెయ్యమంటాడు తండ్రి. మంత్రసానికి చేతులు రాక ఏట్లో వదిలేస్తుంది. అటు వానలు పడతాయి, పంటలు పండుతాయి.

నన్ను ఇప్పటికీ వదలనిది ఇదే. మొక్కు నిజంగానే ఫలించింది. పదహారేళ్లకు ఆ బిడ్డ హ్యక్కిమారు ఒక్కో రాక్షసుణ్ణి చంపి తన ఒళ్లు తాను తిరిగి తెచ్చుకుంటుంటే, అక్కడ పొలాలు ఎండిపోతాయి. వాడి ఒళ్లు వాడిది. ఎంత రాజ్యం కోసమైనా బిడ్డను ఇచ్చే హక్కు ఆ తండ్రికి లేదు. ఈ మాట నేను గట్టిగా అంటాను. కానీ తమ్ముడు తహోమారు జనం పక్కన నిలబడ్డప్పుడు వాణ్ణి కూడా తిట్టలేకపోయాను.

ఏట్లో దొరికిన పసివాణ్ణి పెంచింది జుకాయ్ అనే వైద్యుడు. కట్టె కాళ్లు, కట్టె చేతులు చేసి పెట్టాడు. మూల రచయిత తెజుకా ఒసాము డాక్టరీ చదివినవాడు కదా, ఆ మనిషిని రాసిన తీరులో అది కనిపిస్తుంది నాకు.

నువ్వు గమనించావో లేదో, ఒక్కో అవయవం తిరిగొచ్చినప్పుడల్లా హ్యక్కిమారుకి ముందు వచ్చేది సుఖం కాదు. నొప్పి తెలుస్తుంది. చెవులు వచ్చాక చప్పుళ్లు భరించలేక రెండు చేతులతో మూసుకుని ముడుచుకుపోతాడు. అప్పుడు మియో అనే అమ్మాయి పాట వినిపిస్తుంది. ఆ గొంతు ఒక్కటే వాడికి హాయిగా ఉంటుంది. నువ్వు నెలల పిల్లగా ఉన్నప్పుడు మిక్సీ వేస్తే ఒళ్లంతా ఉలిక్కిపడేదానివి. ఆ సీన్లో నేను ఏడ్చింది అందుకే.

ఇంకొకటి, హ్యక్కిమారు వెంట తిరిగే చిన్న దొంగ దొరొరో వాళ్లమ్మ. ఎవరో వేడి గంజి పోస్తామంటారు. గిన్నె లేదు. ఉత్త దోసిలి పట్టి, చేతులు కాలుతున్నా కదపకుండా బిడ్డకి తాగిస్తుంది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

మాంగా, అంటే దీనికి మూలమైన బొమ్మల కథ, తర్వాత చదవమను. 1967లో పత్రికలో మొదలైంది, ఇంగ్లీషులో మూడు సంపుటాలుగా వచ్చింది. అందులో రాక్షసులు నలభై ఎనిమిది మంది, నవ్వించే చోట్లు కూడా ఎక్కువే. ముగింపు మాత్రం హడావిడిగా ఉంటుంది, తెగిపోయినట్టే. అందుకే ముందు యానిమే అంటున్నాను. పైగా ఇందులో హ్యక్కిమారు చాలాసేపు మాట్లాడడు. పక్కన దొరొరో గలగలా వాగుతూనే ఉంటాడు. ఆ పేరు కూడా పసిపిల్లల నోట్లో తిరగని మాటే. జపాన్ భాషలో దొంగని దొరొబో అంటారు, అది నోరు తిరగక దొరొరో అయింది. దొరొరో సంగతి ఒకటుంది కదా, అది మాత్రం ముందే చెప్పెయ్యకు.

రక్తం చాలా ఉంటుందని చెప్పు, తనకి ఇష్టమైతేనే పెట్టు. అయిదు, ఆరు ఎపిసోడ్లు ఒకే రాత్రి చూడండి, మధ్యలో ఆపితే ఆ పాట బరువు తెలియదు. ఆరోది తనని ఒంటరిగా చూడనివ్వకు, పక్కన కూర్చో. అది అయ్యాక ఎంత రాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యండి.

అమ్మ