ఆదివారం క్లాసుకు ముందు ఒక మాట

అందరికీ నమస్కారం అండీ. ఈ ఆదివారం పాలిమర్ క్లేలో (ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద) మైకా షిఫ్ట్ చేద్దాం. పేరు చూసి టెన్షన్ పడకండి. పెయింట్ వెయ్యం, పొడి చల్లం. ఉన్న ఒక్క రంగులోనే డిజైన్ తేలుతుంది.

బంగారు, వెండి, ముత్యం లాంటి మెరిసే రకం క్లే తెచ్చుకోండి. మామూలు క్లేతో ఇది రాదు, ఎందుకంటే ఆ మెరుపంతా లోపలున్న మైకా (అభ్రకం) రేణువులదే. క్లేని మడిచి పాస్తా మెషిన్‌లో (రోలర్ల మధ్య పిండిని పలుచగా నొక్కేది) 15, 20 సార్లు తిప్పితే అవన్నీ ఒకే వైపుకు పడుకుంటాయి. మడత ఉన్న అంచే ముందుగా మెషిన్‌లోకి వెళ్లాలి, లేకపోతే గాలి బుడగలొస్తాయి. తర్వాత అచ్చు లోతుగా నొక్కాలి. నొక్కిన చోట రేణువుల దిశ మారుతుంది. ఉబ్బెత్తుగా లేచిన గీతల్ని పలుచటి బ్లేడుతో చెక్కేసి, అప్పడాల కర్రతో ఒత్తండి. చేతికి నున్నగా తగులుతుంది, కంటికి మాత్రం ఎత్తుపల్లాలే! నాకు మొదటి మూడు ముక్కలూ పాడయ్యాయి, బ్లేడు లోతుగా దిగి. ఉల్లిపొరంత మందం తీస్తే చాలు.

నేను పెడన కలంకారీ చెక్క అచ్చు ఒకటి తెస్తున్నా. కాస్త నీళ్లతో తడిపితే అంటుకోదు.

కాల్చే వేడి ప్యాకెట్ మీదే ఉంటుంది, చాలా రకాలకు 110 నుంచి 135 డిగ్రీలు. అంతకు మించితే మాడి, ఘాటైన పొగ వస్తుంది.

క్లేకి వాడిన అప్పడాల కర్రని మళ్లీ చపాతీలకు వాడొద్దు. విడిగా ఒకటి కొనుక్కోండి.