లిమిటెడ్ స్లిప్ వేరు, డిఫరెన్షియల్ లాక్ వేరు

సంపాదకుల వారికి నమస్కారాలు.

పికప్ వాహనాల ఎంపికపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం మొత్తం మీద ఉపయోగకరంగానే ఉంది గానీ, అందులో సరిచేయవలసిన విషయాలు రెండున్నాయి. వెనక యాక్సిల్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (డిఫరెన్షియల్ అంటే ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) ఉన్నా, లాక్ అయ్యే డిఫరెన్షియల్ ఉన్నా బురదలో ఫలితం ఒకటేనని రాయడం మొదటిది. బండిలో వీటిలో ఏదైనా ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపి, ఇంజన్ నడుస్తుండగా గేరు వేసి చూడమనడం రెండవది. మొదటి పొరపాటుతో కొనేవారి డబ్బు వృథా కావచ్చు. రెండవదానితో ప్రాణానికే ముప్పు రావచ్చు. వాహనాల మరమ్మతు వృత్తిలో ఉన్నవాడిని గనుక ఈ వివరణ పంపుతున్నాను.

మామూలు డిఫరెన్షియల్ ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలిస్తే గానీ మిగిలిన రెండింటి తేడా బోధపడదు. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి కనుక రెండూ వేర్వేరు వేగాలతో తిరగక తప్పదు. అందుకోసం, ఇంజన్ బలం అందుకుని తిరిగే పెద్ద పళ్ల చక్రమైన క్రౌన్ వీల్‌కు బిగించిన కేసులో స్టార్ పినియన్లనే చిన్న గేర్లను, వాటికి ఇరువైపులా యాక్సిల్ షాఫ్టులను తిప్పే సన్ గేర్లను అమరుస్తారు. స్టార్ పినియన్ త్రాసు దండె వంటిది: చక్రాల వేగాలు ఎంత తేడాగా ఉన్నా, టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, మాత్రం రెండు వైపులకూ సమానంగానే పంచుతుంది. పొడి రోడ్డు మీద దీనికి వంక పెట్టడానికి లేదు. బురదలో దిగబడిన చక్రం 150 న్యూటన్ మీటర్ల టార్క్‌కే జారిపోతుందనుకుందాం. గట్టి నేల మీదున్న రెండో చక్రం 1,200 వరకు తట్టుకోగలిగినా దానికి అందేది ఆ 150 మాత్రమే కనుక, మొత్తం 300తో బండి అంగుళం కూడా కదలకపోవచ్చు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా పెరిగేది జారే చక్రం వేగమే. రెండో చక్రం నిలిచిపోయి ఉన్నప్పుడు ఈ చక్రం క్రౌన్ వీల్‌కు రెట్టింపు వేగంతో తిరుగుతుంది; గేర్‌బాక్స్ షాఫ్టును బట్టి వేగం చూపే బండ్లలో స్పీడోమీటర్ ముల్లు 40 దగ్గర ఉంటే, ఆ టైరు 80 వేగంతో బురద చిమ్ముతోందన్నమాట.

ఈ అవస్థ పికప్‌లకు మరీ ఎక్కువ. ఇంజన్, క్యాబిన్ బరువు ముందు చక్రాల మీద పడుతుంది. వెనక తొట్టి ఖాళీగా ఉంటే వెనక టైర్లను నేలకు అదిమే బరువు అంతగా ఉండదు. పైగా రెండు చక్రాలను కలిపే ఒకే గట్టి యాక్సిల్ ఉన్న బండ్లలో, గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు తిప్పే బలానికి ఆ యాక్సిల్ కూడా కాస్త మెలితిరగబోతుంది. దానివల్ల సాధారణంగా కుడివైపు వెనక చక్రం తేలికై, అదే ముందుగా జారుతుంది.

ఇప్పుడు లిమిటెడ్ స్లిప్ సంగతి. ఇందులో ఎక్కువగా కనిపించేది క్లచ్ రకం. సన్ గేరు వెనక ఉక్కు ప్లేట్లు, ఘర్షణ ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటిగా పేర్చి ఉంటాయి. వాటిలో సగం కేసుతో పాటు, మిగిలిన సగం సన్ గేరుతో పాటు తిరుగుతాయి. ఒక స్ప్రింగు వాటిని ఎప్పుడూ కొంత నొక్కి ఉంచుతుంది. ఇంజన్ బలం వచ్చినప్పుడు స్టార్ పినియన్లు సన్ గేర్లను పక్కలకు నెట్టడంతో ఆ నొక్కుడు ఇంకా పెరుగుతుంది. అప్పుడు రెండు చక్రాల వేగాల మధ్య తేడాకు ప్లేట్ల రాపిడి అడ్డుపడి, నెమ్మదిగా తిరిగే చక్రానికి అదనపు టార్క్ చేరుతుంది. అడ్డుపడుతుందే తప్ప పూర్తిగా బిగించదు. వీటిలో పోయవలసిన గేర్ ఆయిల్ విషయంలో చాలామంది పప్పులో కాలేస్తారు. తయారీదారు ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని సాఫీ చేసే ద్రవం) కలపమన్న చోట అది కలపకుండా మామూలు 80డబ్ల్యూ-90 పోసేస్తే, ఇరుకు మలుపుల్లో ప్లేట్లు జారుతూ పట్టుకుంటూ వెనక నుంచి గరగరమని శబ్దం వస్తుంది. బేరింగులు పోయాయనుకుని హౌసింగ్ విప్పించేసినవారు ఉన్నారు. సరైన ఆయిల్ మార్చితే చాలాసార్లు ఆ శబ్దమే పోతుంది. వెనక రెండు టైర్లు వేర్వేరు సైజులవైనా, ఒకటి కొత్తది, మరొకటి బాగా అరిగినదైనా తిన్నని రోడ్డు మీద కూడా ప్లేట్ల మధ్య రాపిడి ఆగదు, అవి తొందరగా అరిగిపోతాయి. ప్లేట్లు అరిగిన లిమిటెడ్ స్లిప్ ఎలాంటి హెచ్చరికా లేకుండానే మామూలు డిఫరెన్షియల్‌గా మారిపోతుంది.

ప్లేట్లు లేకుండా, వాలు పళ్ల గేర్ల మధ్య పుట్టే ఒత్తిడితోనే ఇదే పని చేసేవి మరో రకం. వెర్నన్ గ్లీస్‌మన్ 1958లో పేటెంట్ పొందిన టోర్సెన్ ఈ కోవలో బాగా పేరున్నది. వీటికి ప్రత్యేకమైన ఆయిల్ పిచ్చి లేదు, అరుగుదల తక్కువ, పనితీరు మెత్తన. అయితే ఇవి పట్టు తక్కువైన చక్రానికి అందే టార్క్‌ను ఒక నిష్పత్తిలో హెచ్చించి రెండో చక్రానికి ఇస్తాయి. ఆ నిష్పత్తి 3 అనుకుంటే, పై లెక్కలో జారే చక్రం 150 తీసుకుంటే రెండోది 450 అందుకుంటుంది. మొత్తం 600 వచ్చి బండి బయటపడవచ్చు. అదే చక్రం గోతి మీద గాలిలో వేలాడుతుంటే? సున్నాను మూడుతో హెచ్చించినా సున్నాయే. క్లచ్ రకంలో కనీసం స్ప్రింగు నొక్కుడు ఇచ్చేదైనా మిగులుతుంది, వీటిలో దాదాపు ఏమీ మిగలదు. అలాంటప్పుడు యాక్సిలరేటర్‌తో పాటు బ్రేకును కూడా కొద్దిగా అదిమితే గాలిలోని చక్రానికి కొంత నిరోధం దొరికి, దానికి మూడు రెట్లు రెండో చక్రానికి చేరుతుంది. చాలా బండ్లలో ఉండే ట్రాక్షన్ కంట్రోల్ చేసేదీ ఇలాంటి పనే: జారే చక్రానికి దానంతటదే బ్రేకు వేస్తుంది. కానీ అది చక్రం జారాకే మేల్కొంటుంది, ఇంజన్ బలంలో కొంత బ్రేకుల వేడికి పోతుంది.

లాక్‌లో ఈ నిష్పత్తుల గొడవే ఉండదు. సన్ గేరును కేసుతో, చాలావాటిలో పళ్ల కలయిక ద్వారా, నేరుగా బిగించేస్తుంది. ఆపై రెండు చక్రాలూ ఒకే షాఫ్టుకు తగిలించినట్లు ఒకే వేగంతో తిరగవలసిందే. ఒక చక్రం పూర్తిగా గాలిలో ఉన్నా, నేల మీద ఉన్న చక్రం తాను తట్టుకోగల 1,200నూ అందుకుంటుంది. వ్యాసకర్త ఒకటేనన్న చోట ఒకవైపు సున్నా, మరోవైపు 1,200 ఉన్నాయి. డ్రైవర్ బటన్ నొక్కితే విద్యుదయస్కాంతంతోనో, కంప్రెసర్ గాలితోనో బిగిసేవి కొన్ని. ఎవరి ప్రమేయమూ లేకుండా బిగిసేవి కొన్ని: అమెరికాలో జనరల్ మోటార్స్ పికప్‌లలో 1973 నుంచి వస్తున్న ఈటన్ లాకర్ ఇలాంటిదే. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే, లోపలి చిన్న బరువులు విచ్చుకుని కొక్కెంలా పట్టుకోవడంతో అది బిగుస్తుంది. బండి గంటకు సుమారు 32 కిలోమీటర్లు దాటాక కొత్తగా బిగియదు.

ఇంత బలమైనది గనుక లాక్ ఎప్పుడూ మేలే అనుకోవడం మరో పొరపాటు. పొడి రోడ్డు మీద లాక్ వేసి మలుపు తిరిగితే టైర్లు రోడ్డును గీరుకుంటాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగానే పోజూస్తుంది, యాక్సిల్ షాఫ్టుల మీద విపరీతమైన మెలి పడుతుంది. పక్కకు వాలిన తడి నేల మీద, మంచు మీద అంతకన్నా జాగ్రత్త అవసరం. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం గిర్రున తిరుగుతున్నా, తిరగని రెండో చక్రం బండి వెనక భాగాన్ని పక్కకు జారకుండా పట్టి ఉంచుతుంది. లాక్ వేస్తే రెండూ ఒకేసారి జారి వెనక భాగం వాలు వైపు ఈడ్చుకుపోతుంది. ఖాళీ తొట్టితో తడి రోడ్ల మీద ఎక్కువగా తిరిగే బండికి దానంతటది బిగిసే లాకర్ కంటే, అవసరానికి వేసి తీసేసే బటన్ లాక్ మేలని నా అభిప్రాయం. చిక్కుకుపోయాక కాకుండా చిక్కుకునే చోటు రాబోతుండగానే నెమ్మదిగా పోతూ లాక్ వేసుకోవాలి. చక్రం వేగంగా తిరుగుతుండగా బటన్ నొక్కితే పళ్లు దెబ్బతింటాయి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా, లాక్ ఎందుకనే వారికి ఒక్క మాట: రెండు యాక్సిళ్లలోనూ మామూలు డిఫరెన్షియల్సే ఉంటే, ముందు ఒకటి, వెనక ఒకటి జారితే చాలు, నాలుగు చక్రాల బండి కూడా అక్కడే ఆగిపోతుంది.

కొనేవారిని తికమక పెట్టడంలో తయారీదారుల బ్రోషర్ల పాత్ర తక్కువేమీ కాదు. బురదలో ఎగిరిపడే బండి బొమ్మ పేజీ నిండా ఉంటుంది. వెనక యాక్సిల్‌లో ఉన్నది క్లచ్ రకమా, వాలు గేర్లదా, లాకరా అన్నది ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. మీ వాహనాల పేజీలో ఇకపై పికప్‌లను పోల్చే పట్టికలు ఇచ్చేటప్పుడు ఇందుకు విడిగా ఒక గడి కేటాయించమని కోరుతున్నాను.

చివరగా జాకీ సలహా గురించి. లిమిటెడ్ స్లిప్ గానీ, బిగిసిన లాక్ గానీ ఉన్న బండికి ఒక వెనక చక్రమే లేపి గేరు వేస్తే, నేల మీదున్న రెండో చక్రానికి టార్క్ అంది బండి జాకీ మీద నుంచి దూకేస్తుంది. పరీక్షించాలనుకునేవారు సమతలమైన చోట ముందు చక్రాలకు గట్టి అడ్డు పెట్టి, వెనక రెండు చక్రాలనూ లేపి, యాక్సిల్‌ను స్టాండ్ల మీద నిలిపాక, ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ వదిలి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పాలి. రెండోది అదే దిక్కుకు తిరిగితే క్లచ్ రకం లిమిటెడ్ స్లిప్ గానీ, బిగిసి ఉన్న లాక్ గానీ ఉన్నట్లు. ఎదురు దిక్కుకు తిరిగితే మామూలు డిఫరెన్షియల్ అని వెంటనే తీర్మానించరాదు. టోర్సెన్ వంటివి, ఈటన్ లాకర్, బటన్ వేయని లాక్, ప్లేట్లు అరిగిన లిమిటెడ్ స్లిప్ కూడా అలాగే తిరుగుతాయి. వీటిలో ఏదన్నది బండి గుర్తింపు పట్టీ మీదున్న యాక్సిల్ కోడ్‌ను తయారీదారు పుస్తకంతో సరిచూసుకుని తెలుసుకోవలసిందే.

భవదీయుడు,
ఒక మెకానిక్ పాఠకుడు