మన ఉయ్యాల దూలం కబురు

ఒరేయ్ రాఘవా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. అలిగే ఉంటావు, క్షమించరా. అమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త నయం, చిన్నది పదో తరగతి గట్టెక్కింది, కొబ్బరికాయ ధర మాత్రం అడగకు. ఇక అసలు సంగతి.

మండువా ఇల్లు పడగొట్టేశారు. నేను వెళ్లేసరికి పెంకులు, మట్టి కుప్ప. ఓ పక్కన కట్టెల కింద తూచేయడానికి పడేసి ఉంది, మన ఉయ్యాల దూలం! నల్లగా మాడినట్టుంది, ఓ అంచంతా చెదమట్టి. "పుచ్చిపోయిందండీ, పొయ్యిలోకే" అన్నాడు పాత కలప కొనేవాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తాతయ్య దాన్ని అరచేత్తో చరిచి "బర్మా టేకురా" అనేవాడు, గుర్తుందా? అడిగినంత ఇచ్చేసి తెచ్చుకున్నాను. పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అంగుళాలు ఇటు, ఆరు అటు. నాలుగు ఘనపుటడుగులు. టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు కదా, ముగ్గురం పడితేగానీ బండెక్కలేదు.

మేస్త్రి ముందు మేకులన్నీ పీకి, చెద పట్టిన అంచుని బాడిసతో చెక్కాడు. ఒరేయ్, అక్కడ చూడాలి నువ్వు! చెద తిన్నదంతా పైనున్న తెల్లచెక్కే. చేవ మొదలైన గీత దగ్గరికొచ్చి ఆగిపోయింది. గోటితో గీసి చూశాను. గీతకి ఇవతల పిండిలా రాలింది, అవతల గోరు దిగలేదు. చేవలో ఉండే చమురు, దాంట్లోని టెక్టోక్వినోన్ అనే రసాయనం చెదకి గిట్టవు. దూలం చివర కుసి, అదే గాడిలో దిగే ముక్క, దాని అంచులు కూడా ఇప్పటికీ పదునుగానే ఉన్నాయి. ఇన్ని వానాకాలాలు తడిసి ఎండినా ఉబ్బలేదు, మెలి తిరగలేదు.

చిత్రిక పట్టగానే నలుపు పోయి తేనెరంగు బయటపడింది. ఆ వాసన, కొత్త తోలు వాసన... తాతయ్య పడక్కుర్చీ... సరే, అది వద్దులే. మేస్త్రి మాటిమాటికీ చిత్రిక ఉలి నూరుకుంటూనే ఉన్నాడు. టేకులో సిలికా ఉంటుంది, ఇసకలా పదును తినేస్తుంది. జిగురు పెట్టే ముందు థిన్నర్‌తో చమురు తుడిచాడు, లేకపోతే అతుకు పట్టదు.

కేరళ నీలంబూరులో 1840ల నాటి టేకుతోట చూసినప్పుడు లేతాకు నలిపి చేతులు ఎర్రగా చేసుకున్నావే, పెళ్లికొడుకా! ఆ మాట చెబితే మా ఆవిడ ఇంకా నవ్వుతోంది.

ఏం చేయిస్తున్నానో తెలిసిందా? ఉయ్యాల బల్ల. నీ వైపు, నా వైపు, మధ్యలో మరచెంబు పెట్టుకునే చోటు. పాత ఇత్తడి గొలుసులు అటక మీద దొరికాయి, ఒక కొక్కెం మాత్రం

మేస్త్రి పిలుస్తున్నాడు, నూనె పట్టించే ముందు చూసుకోవాలట. సంక్రాంతికి రా.

నీ
సుబ్బు