వార్షిక నివేదిక – 2025: మన వంతెనకు 125 ఏళ్లు

గౌరవ సభ్యులకు నమస్కారం.

2025 మనలాంటి రైలు మనుషులకు పండగ సంవత్సరం. ఇంగ్లండులోని స్టాక్టన్–డార్లింగ్టన్ రైలు మార్గానికి 200 ఏళ్లు, మన దేశపు తొలి కరెంటు రైలుకు 100 ఏళ్లు, మన రాజమండ్రి హేవలాక్ వంతెనకు 125 ఏళ్లు నిండాయి.

ఫిబ్రవరి 3న కరెంటు రైలు మీద చిన్న సభ పెట్టుకున్నాం. 1925లో అదే రోజున బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు 1,500 వోల్టుల డీసీ మీద ఆ బండి నడిచింది. 1825లో స్టాక్టన్–డార్లింగ్టన్ మార్గం మొదలైన సెప్టెంబరు 27న స్కూలు పిల్లలకు, అక్కడ తొలి బండిని లాగిన ‘లోకోమోషన్’ ఇంజను కథ చెప్పాం. ఆ మార్గం కట్టిన ఇంజనీరు జార్జి స్టీఫెన్సన్ తానే ఇంజను నడిపాడని, జనం బొగ్గు బండ్ల మీదకీ ఎక్కేశారని చెబితే పిల్లలు కళ్లింత చేసుకుని విన్నారు.

వంతెన సంగతి కాస్త వివరంగా రాయాలి. అది లేని రోజుల్లో పట్టాలు ఇటు రాజమండ్రిలో, అటు కొవ్వూరులో ఆగిపోయేవి. మధ్యలో గోదావరిని పడవ మీద దాటాల్సిందే. ఇంజనీరు వాల్టన్ ఆధ్వర్యంలో 1897లో పని మొదలై, 1900లో రైళ్లు నడిచాయి. 56 స్పాన్ల (స్తంభాల మధ్య భాగాల) సింగిల్ లైను. 1997 దాకా బళ్లను మోసింది.

ఫొటోల ప్రదర్శనకు హాలు ఇస్తామన్నవాళ్లు రెండు రోజుల ముందు కాదన్నారు. చాలా టెన్షన్ పడ్డాం. చివరికి పుష్కర ఘాట్ మెట్ల మీదే కూర్చున్నాం, ఎదురుగా వంతెనే ఉంది. అదే మంచిదైంది. ఒకప్పుడు ఆ వంతెన మీద కీమ్యాన్‌గా, అంటే పట్టాల బిగింపులు చూసే ఉద్యోగిగా, చేసిన పెద్దాయన మెట్టును వేలితో రెండుసార్లు కొట్టి చూపించారు: “సుత్తి దెబ్బకి ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు, బొంగురుగా పలికితే వదులైనట్టు.” రోజూ స్పానర్, సుత్తి పట్టుకుని నది మీద నడిచిన మనిషి ఆయన. ఆ మాటలు ఏ రికార్డులోనూ ఉండవు.

అందుకే ఈ ఏడాది మన డబ్బులో ఎక్కువ భాగం పెద్దల మాటలు రికార్డు చేయడానికే వాడాం. ఇద్దరి ఇళ్లకు మేం వెళ్లేలోపే వాళ్లు కన్నుమూశారు. ఆ బాధ ఇంకా ఉంది. జమాఖర్చులు విడిగా జతచేశాం.

మీ ఇంట్లో ఆ వంతెన మీద పనిచేసినవారు ఉంటే దయచేసి వెంటనే కబురు చేయండి. ఫోన్ పట్టుకుని మేమే వస్తాం.

కార్యదర్శి